టోనీ హాన్‌కాక్ గ్రాఫిక్ బయోగ్రఫీ: సిడ్నీ గదితో మొదలుపెట్టకండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. బ్రిటిష్ హాస్యనటుడు టోనీ హాన్‌కాక్ జీవితాన్ని సుమారు 120 పేజీల గ్రాఫిక్ బయోగ్రఫీగా, అంటే బొమ్మల్లో చెప్పే జీవితకథగా, ముందు తెలుగులో, గీయాలనుకుంటున్నారు. మొదటి పేజీ 1968, సిడ్నీ. చీకటి గది, ఖాళీ సీసా, మంచం మీద మనిషి. అక్కడి నుంచి ఫ్లాష్‌బ్యాక్‌లో బాల్యం. ఈ ఎత్తుగడ పనిచేస్తుందా, అతని తాగుడునీ కుంగుబాటునీ ఎలా చూపించాలి, హక్కుల సంగతేమిటి అని అడిగారు.

ఇలాంటి పుస్తకాలకు స్క్రిప్టులు రాయడం, ఇతరులు రాసినవి సరిచేయడం చాలా ఏళ్లుగా నా పని. హాన్‌కాక్ మీద ఇష్టం అంతకంటే పాతది. అందుకే కాస్త పొడుగ్గా చెబుతాను, ఓపిక పట్టండి.

మొదటి పేజీ గురించి నా మాట: వద్దు. అది పాఠకుణ్ని పట్టేస్తుంది, కాదనను. కానీ ఒకసారి శవాన్ని చూశాక పాఠకుడు తర్వాతి ప్రతి బొమ్మనూ అపశకునంగానే చదువుతాడు. బోర్న్‌మత్ బీచ్‌లో పిల్లాడు నవ్వుతుంటే "పాపం" అనుకుంటాడు. ఎవరో గ్లాసు ఎత్తితే "అదిగో మొదలైంది" అనుకుంటాడు. పుస్తకం మొత్తంలో ఎక్కడా నవ్వడు. హాన్‌కాక్ పుస్తకం చదివి నవ్వనివాడికి ఆ మనిషి పోవడం వల్ల ఏం పోయిందో ఎలా తెలుస్తుంది? లోపల ఏడుస్తూ బయట నవ్వించే విదూషకుడనే మూస ఎప్పటి నుంచో ఉంది. ఆ మూసలో ఎవర్ని పోసినా ఒకేలా బయటికొస్తారు.

పైగా మీ పాఠకుడు తెలుగువాడు. బ్రిటన్‌లో ఒక వయసు దాటినవాళ్లకు హోంబర్గ్ టోపీ, బొచ్చు కాలరు కోటు గీస్తే చాలు, మనిషి ఎవరో తెలిసిపోతుంది. మనవాళ్లకు అతని పేరే కొత్త. ముందు నవ్వించి, తర్వాత నవ్వించినవాడు ఎవరో చెప్పండి. ముప్ఫయ్యో పేజీకి వచ్చేసరికి పాఠకుడు రెండు మూడు సార్లైనా పైకి నవ్వి ఉండాలి. అప్పుడు చివరి పేజీలు తమ పని తాము చేసుకుంటాయి.

బాల్యం మీద ఎక్కువ పేజీలు పెట్టొద్దు. 1924లో బర్మింగ్‌హామ్‌లోని హాల్ గ్రీన్‌లో పుట్టాడు. మూడేళ్ల వయసులో కుటుంబం బోర్న్‌మత్‌కు మారింది. తండ్రి హోటల్ నడుపుతూ స్టేజి మీద హాస్యం చెప్పేవాడు, కొడుకు చిన్నవాడిగా ఉండగానే చనిపోయాడు. పదిహేనేళ్లకు చదువు ఆపేశాడు. 1942లో వైమానిక దళంలో చేరి, సైనికుల కోసం రాల్ఫ్ రీడర్ నడిపిన గ్యాంగ్ షోలలో ఆడాడు. యుద్ధం తర్వాత లండన్‌లో విండ్‌మిల్ థియేటర్. అక్కడ జనం వచ్చేది నగ్నంగా కదలకుండా నిలబడే అమ్మాయిల కోసం. మధ్యలో వచ్చే హాస్యగాడిని పట్టించుకునేవాడే లేడు. ఆ కాలపు బ్రిటిష్ హాస్యనటులు చాలామంది రాటుదేలింది అక్కడే. దీనికి రెండు పేజీలు ఇవ్వండి, నవ్వు కూడా వస్తుంది. మిగతా బాల్యమంతా కలిపి పది పేజీలు దాటనివ్వకండి. సముద్రతీరం మాత్రం మర్చిపోవద్దు, దాని పని తర్వాత ఉంది.

అసలు కథ 1951 ప్రాంతంలో మొదలవుతుంది. రే గాల్టన్, ఆలన్ సింప్సన్ అనే ఇద్దరు కుర్రాళ్లు పరిచయమయ్యారు. వాళ్లిద్దరూ క్షయ వచ్చి మిల్‌ఫర్డ్ శానటోరియంలో పడి ఉండగా స్నేహితులై, ఆసుపత్రి రేడియోకు రాస్తూ రచయితలైనవాళ్లు. అదే రోజుల్లో 'ఎడ్యుకేటింగ్ ఆర్చీ' అనే రేడియో షోలో, ఒక వెంట్రిలాక్విస్టు (పెదవులు కదపకుండా బొమ్మ మాట్లాడినట్టు చేసేవాడు) బొమ్మకు ట్యూటరుగా నటించి హాన్‌కాక్ జనానికి తెలిశాడు. రేడియోలో వెంట్రిలాక్విజం ఏమిటని అడక్కండి, ఆ షో పెద్ద హిట్టు. 1954 నవంబరు 2న బీబీసీ రేడియో ఛానెల్ లైట్ ప్రోగ్రామ్‌లో 'హాన్‌కాక్స్ హాఫ్ అవర్' మొదలైంది. అప్పటిదాకా రేడియో కామెడీ అంటే మధ్యలో పాట, విడివిడి జోకులు, వింత గొంతులు. గాల్టన్, సింప్సన్ పాటల్ని తీసేసి అరగంటంతా ఒకే కథ, ఒకే మనిషి స్వభావం మీద నడిపారు. ఈరోజు మనం సిట్‌కామ్ అని చూసే వాటిలో చాలా భాగానికి బ్రిటన్‌లో దారి వేసిందిదే.

ఆ పాత్ర పేరు కూడా హాన్‌కాకే. ఆంథనీ అలోషియస్ సెయింట్ జాన్ హాన్‌కాక్. ఉండేది ఈస్ట్ చీమ్, 23 రైల్వే కటింగ్స్ అనే కల్పిత చిరునామాలో. చేతిలో డబ్బుండదు, డాబుకు మాత్రం కొదవుండదు. చదివింది సగం, మాట్లాడేది రెట్టింపు. ప్రపంచం తన విలువ గుర్తించలేదని గట్టి నమ్మకం. మన కుటుంబాల్లో ఇలాంటి బాబాయి ఒకరు ఉంటారు కాబట్టి మన పాఠకుడికి అర్థం కావడం కష్టమేమీ కాదు.

ఇక్కడ మీకు అసలైన డ్రాయింగ్ సమస్య వస్తుంది. పేరొకటే, ముఖమొకటే, మనుషులు ఇద్దరు. చాలామంది పాత్ర మనిషిని మింగేసినట్టు గీస్తారు, టోపీ నీడ పెరుగుతూ పోతుంది, వగైరా. నేను చూసినంతలో జరిగింది దాదాపు తలకిందులు. రచయితలు మనిషిలో ఉన్నవాటిని తీసుకెళ్లి పాత్రలో పెట్టారు. అతను నిజంగానే తత్వశాస్త్రం పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవాడు. వాళ్లు ఆ పుస్తకాన్నే పాత్ర చేతిలో పెట్టి నవ్వించారు. కాబట్టి హోంబర్గ్ టోపీ, కోటు పాత్రకే ఉంచండి. మనిషికి మామూలు స్వెటరు, సిగరెట్టు. గీతలో తేడా చూపించాలనుకుంటే పాత్రకు బ్రష్, మనిషికి సన్న నిబ్ వాడండి. ఎంత మోజు పుట్టినా చివర్లో రెండిటినీ కలిపేయకండి.

ఇప్పుడు ఈ పుస్తకం ఎందుకు కామిక్‌గానే రావాలో చెబుతాను. హాన్‌కాక్ బలం మాటలో కంటే మాట ఆగిన చోట ఎక్కువ. 1958లో వచ్చిన ఆదివారం మధ్యాహ్నం ఎపిసోడ్ ఉంది. దుకాణాలు మూసేసి ఉంటాయి, బయట వాన, నలుగురు ఒక గదిలో కూర్చుని విసుగుతో ఉసూరుమంటారు. కథ అంతే. గోడ కాగితం మీది డిజైన్‌లో ముఖాలు వెతుక్కుంటారు. రేడియోలో నిశ్శబ్దం పెట్టడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. ఆ నిశ్శబ్దాన్ని గద్యంలో రాయలేం, "అతను కాసేపు మౌనంగా ఉన్నాడు" అనగానే చచ్చిపోతుంది. కామిక్‌లో మాత్రం తొమ్మిది ప్యానెళ్ల పేజీ తీసుకుని, కెమెరా కోణం మార్చకుండా, అదే సోఫా, అదే మనిషి, కళ్లు మాత్రం కొద్దిగా కదిలేలా గీయొచ్చు. ఆరో ప్యానెల్‌లో ఒక నిట్టూర్పు. కోణాలు మార్చి పేజీకి హుషారు తేవాలనిపిస్తుంది, ఆ కోరికను చంపుకోండి. టీవీలో అతని నిర్మాత డంకన్ వుడ్ చేసింది కూడా అదే. ఆ ముఖాన్ని క్లోజప్‌లో పెట్టి వదిలేశాడు. సంచుల్లా వేలాడే కళ్ల కింది చర్మం, బుగ్గలు, నిరాశ మొహం అంతటా నెమ్మదిగా పాకడం, దాని కోసమే జనం చూసేవారు.

తెలుగులో వేస్తున్నారు కాబట్టి ఇంకో సంగతి. ఒత్తులు, గుడులు, కొమ్ముల వల్ల మన అక్షరాలు పైకీ కిందికీ చోటు తింటాయి. ఇంగ్లిష్ కొలతలో గీసిన బెలూన్‌లో తెలుగు పెడితే ఊపిరాడదు. బెలూన్లు ముందే పెద్దవి గీయండి, లేదా మాటలు సగానికి తగ్గించండి. ఈ పుస్తకానికి రెండోదే మంచిది.

ఇక పుస్తకానికి వెన్నెముక. మైక్రోఫోన్ చుట్టూ నిలబడ్డ రేడియో షో నటుల బొమ్మ ఒకటి గీయండి: హాన్‌కాక్, సిడ్ జేమ్స్, బిల్ కెర్, కెనెత్ విలియమ్స్, తర్వాత చేరిన హాటీ జాక్స్. అద్దాల అవతల గాల్టన్, సింప్సన్. అదే బొమ్మను పుస్తకం పొడుగునా మళ్లీ మళ్లీ వాడండి, ప్రతిసారీ ఒకరో ఇద్దరో తగ్గుతూ. కెనెత్ విలియమ్స్ వింత గొంతులు చౌకబారు నవ్వులు తెస్తున్నాయని హాన్‌కాక్‌కు అనిపించింది. ఆ గొంతులకు చోటు తగ్గుతూ పోయి చివరికి విలియమ్స్ వెళ్లిపోయాడు. టీవీ షో 1956లో మొదలైనప్పుడు సిడ్ జేమ్స్‌ను ఉంచుకున్నాడు, ఇద్దరూ కలిసి దేశాన్ని ఊపేశారు. తమను జంటగా చూస్తున్నారన్న భయంతో 1960లో సిడ్‌ను వదిలేశాడు. సిడ్ బాగా నొచ్చుకున్నాడు. 1961 చివర్లో గాల్టన్, సింప్సన్‌లతోనూ, ఏజెంటు బెరిల్ వెర్ట్యూతోనూ తెగిపోయింది. ఆ రచయితలు ఖాళీగా కూర్చోలేదు. బీబీసీకి విడి నాటికల సిరీస్ రాశారు, అందులో ఒకటి 1962లో 'స్టెప్టో అండ్ సన్' అనే సిట్‌కామ్ అయింది. హాన్‌కాక్ వేరే ఛానెల్లో, వేరే రచయితలతో 1963లో సిరీస్ చేసినప్పుడు జనం అతన్ని దానితోనే పోల్చారు.

అందర్నీ వదిలించుకున్నాడు, ఇక మిగిలింది తనే, తననూ వదిలించుకున్నాడు అనే అర్థంలో హాస్యనటుడు స్పైక్ మిల్లిగన్ తర్వాత ఒక మాట అన్నాడు. చాలా పదునైన మాట. హాన్‌కాక్ గురించి రాసేవాళ్లందరూ వాడతారు. మీరు దాన్ని క్యాప్షన్‌గా పెట్టకండి, ఎందుకంటే అది సగమే నిజం.

మిగతా సగం ఇదీ. సిడ్ వెళ్లిపోయాక వచ్చిన 1961 సిరీస్ హాన్‌కాక్ చేసిన వాటన్నిటిలో గొప్పది. అందులో మొదటి ఎపిసోడ్ 'ది బెడ్‌సిటర్'లో అతను తప్ప ఇంకో మనిషే ఉండడు. అద్దె గదిలో ఒక్కడు. సిగరెట్టు పొగతో రింగులు వదలబోతాడు, పెదవి కాల్చుకుంటాడు. నిఘంటువు పక్కన పెట్టుకుని తత్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్‌ను చదవబోతాడు. పాతిక నిమిషాల సేపు జనం కన్నార్పకుండా చూశారు. అంటే మనిషిని తీసేస్తే పని ఇంకా బాగా వచ్చింది! అతని లెక్క తప్పింది ఇక్కడే అని నా అభిప్రాయం. సిడ్ లేకపోయినా బాగా వచ్చింది కాబట్టి రచయితలు లేకపోయినా వస్తుందనుకున్నాడు. ఒంటరిగా గదిలో ఉన్న ఆ మనిషిని సృష్టించడానికి తెర వెనక ఇద్దరు కూర్చుని రాశారన్న సంగతి లెక్కలోకి రాలేదు. ఇది పిచ్చి కాదు, మద్యం చేయించిన పని కూడా కాదు. గెలిచినవాడు ఆ గెలుపు నుంచి సహజంగా తీసుకునే పాఠం, కాకపోతే తప్పు పాఠం. పాఠకుడు ఆ పేజీలో "నేనైనా అదే చేసేవాణ్ని" అనుకోవాలి. మీ 120 పేజీల్లో కనీసం 35 ఈ ఒక్క ఏడాదికి ఇవ్వండి.

ఆ 35లో కొన్ని 'ది బ్లడ్ డోనర్'కు. 1961 జూన్ 23న ప్రసారమైంది. కథ మీకు తెలుసు, చదివేవాళ్ల కోసం చెబుతున్నాను. రక్తదానానికి వెళ్లి, పరీక్ష కోసం వేలిమీద తీసిన చుక్కే దానం అనుకుని లేచి వెళ్లబోతాడు. పింటు (అర లీటరు పైచిలుకు) కావాలనేసరికి గుండె జారిపోతుంది. చివరికి రొట్టె కోసే చాకుతో చెయ్యి కోసుకుని, తానిచ్చిన రక్తమే తాను ఎక్కించుకుంటాడు. రికార్డింగుకు కొద్దిరోజుల ముందు కారు ప్రమాదం జరిగింది. భార్య సిసిలీ నడుపుతోంది, అతనికి తలకు దెబ్బ తగిలింది. డైలాగులు బట్టీ పట్టే స్థితి లేక స్టూడియోలో డైలాగులు చూసి చదివేందుకు టెలీప్రాంప్టర్లు పెట్టారు. ఆ ఎపిసోడ్ మళ్లీ చూడండి, అతని కళ్లు ఎదుటివాళ్ల వైపు కాకుండా కాస్త పక్కకు పోతుంటాయి. దేశమంతా గుర్తుపెట్టుకున్న ఎపిసోడ్ అది. ఆ తర్వాత డైలాగులు నేర్చుకోవడం క్రమంగా మానేసి ప్రాంప్టర్ మీదే ఆధారపడ్డాడు. మీరు సీసాలు గీయక్కర్లేదు. చూపు నాలుగు మిల్లీమీటర్లు పక్కకు జరిపి గీయండి, చాలు. మొదటిసారి ఎవరికీ తెలియకూడదు. పదిహేను పేజీల తర్వాత ఇంకొంచెం జరిపినప్పుడు పాఠకుడు వెనక్కి తిప్పి చూసుకోవాలి.

1960లో జాన్ ఫ్రీమన్ చేసిన 'ఫేస్ టు ఫేస్' ఇంటర్వ్యూ మీ డ్రాఫ్టులో లేదు, అది పెద్ద లోటు. కెమెరా అతిథి ముఖం మీదే ఉంటుంది, అడిగేవాడు దాదాపు కనిపించడు. టైటిల్స్‌లో ఫెలిక్స్ టొపోల్స్కీ గీసిన రేఖాచిత్రాలు వస్తాయి. బొమ్మలు గీసేవాడికి ఇంతకంటే మంచి దారి ఎక్కడ దొరుకుతుంది? హాన్‌కాక్ చెమట పడుతూ, నిజాయితీగా, తన హాస్యం ఎక్కడి నుంచి వస్తుందో తవ్వి చెప్పబోతాడు. అతనలా తనను తాను కోసి చూసుకోవడం ఆ ఇంటర్వ్యూతోనే మొదలైందని తమ్ముడు రోజర్ తర్వాత అనేవాడు. నేను అంత దూరం వెళ్లను, కానీ మీకు రెండు పేజీల ముఖాలు అక్కడ సిద్ధంగా ఉన్నాయి.

సినిమాల్లో 'ది రెబెల్' గుమస్తా చిత్రకారుడయ్యే కథ, సరదాగా ఒక పేజీ చాలు. రెండోది, 1963లో వచ్చిన 'ది పంచ్ అండ్ జూడీ మ్యాన్', ఎక్కువ విలువైనది. డబ్బు రాలేదు. కానీ అది సముద్రతీర పట్నం, తోలుబొమ్మలాట లాంటి ఆట ఆడించే మనిషి, అంటే అతని బాల్యం. అందులో ఒక చిన్న పిల్లాడితో ఐస్‌క్రీమ్ పార్లర్‌లో కూర్చుని, వాడు తిన్నట్టే చెంచా చెంచా తినే దృశ్యం ఉంది. మాటలు దాదాపు ఉండవు. మీ బోర్న్‌మత్ పేజీని దీనికి ఎదురుగా పెట్టండి. సముద్రతీరం మర్చిపోవద్దన్నది ఇందుకే.

తాగుడు సంగతి. ఇక్కడ మీ థంబ్‌నెయిల్స్ (చిన్న చిత్తు బొమ్మలు) నన్ను కొంచెం ఇబ్బంది పెట్టాయి. రెండు చోట్ల మద్యం అందంగా ఉంది: పొగ, కిటికీ వెలుతురు, ఆలోచనలో మునిగిన కళాకారుడు. హాన్‌కాక్ జీవితచరిత్రలు చదివితే ఆ ఇళ్లలో జరిగింది అలా లేదు. మొదటి భార్య సిసిలీ మీద, రెండో భార్య ఫ్రెడ్డీ రాస్ మీద చెయ్యి చేసుకున్నాడు. మొదటి పెళ్లి 1965లో రద్దయింది, ఆ ఏడాది చివర్లోనే రెండో పెళ్లి, అదీ నిలవలేదు. మధ్యలో స్నేహితుడు జాన్ లె మెజ్యురియర్ భార్య జోన్‌తో ప్రేమ. వీటిని "మేధావి బాధ" కింద రాయకండి. ఆ ఆడవాళ్లకు సొంత ప్యానెళ్లు ఇవ్వండి, కనీసం ఒక అధ్యాయం వాళ్ల కళ్లతో సాగాలి. ఫ్రెడ్డీ అతని పబ్లిసిస్టు. బయటి ప్రపంచానికి అతని బొమ్మ తయారుచేస్తూ ఇంట్లో అసలు మనిషిని భరించింది. ఆమెను ఏడుస్తూ తలుపు దగ్గర నిలబడ్డ బొమ్మగా మాత్రమే గీస్తే సరిపోదు. దెబ్బ తగిలే క్షణం గీయక్కర్లేదు, మర్నాడు ఉదయం ఆమె ఫోన్‌లో పత్రికలవాళ్లతో మామూలుగా మాట్లాడటం గీయండి.

చావు గురించి కూడా మొహమాటం లేకుండా చెబుతాను. 1968 మార్చిలో 13 భాగాల టీవీ సిరీస్ కోసం ఆస్ట్రేలియా వెళ్లాడు. మూడే పూర్తయ్యాయి. జూన్‌లో సిడ్నీలో ఆత్మహత్య చేసుకున్నాడు, వయసు 44. ఎలా అన్నది గీయకండి, వస్తువులు చూపించకండి, అతను రాసిపెట్టిన ఉత్తరంలోని వాక్యాలను పెద్ద అక్షరాల్లో పెట్టకండి. పత్రికలకు ఇదే జాగ్రత్త చెబుతారు, కామిక్‌కు ఇంకా ఎక్కువ వర్తిస్తుంది, బొమ్మ మనసులో ఉండిపోతుంది కాబట్టి. చివరి పేజీ తర్వాత మన దేశపు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 వేయండి. నేనైతే స్టూడియోలో నాలుగో ఎపిసోడ్ కోసం వేసిన సెట్టు, పని చేసుకుంటున్న సిబ్బంది, తర్వాత విమానం గీసేవాణ్ని. అతని అస్థికలను సాటి హాస్యనటుడు విల్లీ రష్టన్ ఇంగ్లండ్‌కు తీసుకొచ్చాడు. అవి లండన్‌లో క్రాన్‌ఫర్డ్‌లోని సెయింట్ డన్‌స్టన్స్ చర్చిలో ఉన్నాయి. ఆ ప్రయాణం ఒక పేజీ, క్యాప్షన్ లేకుండా.

మరి మొదటి పేజీ ఏమిటంటారా? 1955 ఏప్రిల్. రెండో రేడియో సిరీస్ మొదలయ్యే వేళకు హాన్‌కాక్ చెప్పాపెట్టకుండా దేశం వదిలి ఇటలీ వెళ్లిపోయాడు. షో పేరు హాన్‌కాక్‌ది, ఆడింది ఇంకో హాస్యనటుడు హ్యారీ సీకోమ్! మూడు ఎపిసోడ్లు అలాగే నడిచాయి. తిరిగొచ్చాక నాలుగో ఎపిసోడ్‌లో, సీకోమ్‌కు కృతజ్ఞత చెప్పడానికి హాన్‌కాక్ అతని ఊరు స్వాన్సీ వెళ్లడమే కథగా రాశారు. ఈ ఉదంతం మొదటి పేజీకి చక్కగా సరిపోతుంది. నవ్వుంది, పారిపోవడం ఉంది, అతన్ని కాపాడే మనుషులు చుట్టూ ఉన్నారు. చావు ఊసే లేదు.

హక్కులు. గాల్టన్ 2018లో, సింప్సన్ 2017లో చనిపోయారు. కలిసి రాసిన రచనకు చివర పోయిన రచయిత నుంచి లెక్క. బ్రిటన్‌లో 70 ఏళ్లు, అంటే 2088 చివరిదాకా. మన దేశంలో 60, అంటే 2078 చివరిదాకా. కాబట్టి 'ది బ్లడ్ డోనర్' డైలాగులను పేజీల కొద్దీ దించడం కుదరదు. విమర్శలో వాడినట్టు ఒకటి రెండు వాక్యాలు వేరు, దృశ్యమంతా తిరిగి గీయడం వేరు. తెలుగులోకి మార్చి రాశాను కదా అంటే కూడా చెల్లదు, అనువాదం హక్కు కూడా వాళ్లదే. దీన్ని అడ్డంకి అనుకోకండి. దృశ్యాన్ని కెమెరా వెనక నుంచి గీయండి. సెట్టు అంచు, ప్రాంప్టర్ తిప్పే మనిషి, నవ్వు ఆపుకుంటున్న కెమెరామన్. డైలాగు అవసరమే రాదు, కథ ఇంకా మీదవుతుంది. ఫోటోలను చూసి యథాతథంగా ట్రేస్ చేయకండి, వాటికీ యజమానులుంటారు. పది ఫోటోలు చూసి, పక్కన పడేసి, గుర్తున్నది గీయండి. తొలినాళ్ల టీవీ ఎపిసోడ్లు ప్రత్యక్ష ప్రసారాలు, చాలావరకు మిగల్లేదు. అక్కడ మీ ఊహకు చోటుంది, కానీ ఆ కాలపు స్టూడియోల కెమెరాలు, లైట్లు సరిగ్గా ఉండాలి. పబ్లిషరుతో మాట్లాడేముందు కాపీరైట్ తెలిసిన లాయరుకు స్క్రిప్టు ఒకసారి చూపించండి.

2002లో బీబీసీ రేడియో శ్రోతలు తమకు అత్యంత ఇష్టమైన బ్రిటిష్ హాస్యనటుడిగా హాన్‌కాక్‌నే ఎన్నుకున్నారు, చనిపోయిన 34 ఏళ్ల తర్వాత. మీ డ్రాఫ్టులో చివరి క్యాప్షన్ "ప్రపంచం అతన్ని మరిచిపోయింది" అని ఉంది. అది తీసేయండి.

ఇప్పటికి మొత్తం పుస్తకం జోలికి పోవద్దు. బెడ్‌సిటర్ రికార్డింగు రోజు ఆరు పేజీలు, మైక్రోఫోన్ బొమ్మ రెండు రూపాల్లో, అంతవరకు పెన్సిల్‌లో గీసి పెట్టండి. ఇంకింగ్ వద్దు. వాటిలో ఒక్క మాటా లేకుండా నవ్వు వస్తుందో లేదో, హాన్‌కాక్ పేరు కూడా వినని ఇద్దరు ముగ్గురికి చూపించి చూడండి. అప్పుడు పేజీల పంపకం మీద మళ్లీ మాట్లాడుకుందాం.